పంచాయతీకి పార్టీ కండువా అవసరమా?

చట్టం ప్రకారం మన రాష్ట్రంలో సర్పంచ్‌కు గానీ, వార్డు సభ్యునికి గానీ పార్టీ లేదు. ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికలు పార్టీ గుర్తులతో జరుగుతాయి. గ్రామ పంచాయతీకి మాత్రం ఉంగరం, కత్తెర లాంటి ఏ పార్టీకీ చెందని గుర్తులు ఇస్తారు. కానీ ఎన్నికల రోజుల్లో మా లంబసింగి సంతలో నిలబడి "ఉంగరం ఎవరిది?" అని అడిగి చూడండి. మనిషి పేరు కంటే ముందు పార్టీ పేరు చెబుతారు. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు రెండు పెద్ద పార్టీలూ తమ మద్దతుదారులు ఇంతమంది గెలిచారని ఎవరి లెక్క వారు ప్రకటించుకున్నారు. ఆ లెక్కలు కలవలేదు. ఎలా కలుస్తాయి? బ్యాలెట్ మీద లేని పార్టీకి ఎన్ని ఓట్లు పడ్డాయో తేల్చేదెవరు?

పార్టీలు అసలు ఊళ్లోకి రాకూడదని మేము అనడం లేదు. ఇది పాత చర్చే. జయప్రకాశ్ నారాయణ్ పార్టీలు లేని పంచాయతీ కావాలన్నారు. 1978లో అశోక్ మెహతా కమిటీ అందుకు భిన్నంగా, పార్టీలు బాహాటంగానే పోటీ చేయాలని సిఫారసు చేసింది. దొంగచాటుగా ఉండేదేదో బయటే ఉంటే మంచిదని వాదించేవారి మాటలో నిజం ఉంది. కేరళలో గ్రామ పంచాయతీ ఎన్నికలు కూడా పార్టీ గుర్తులతోనే జరుగుతాయి, అక్కడ పంచాయతీలు మనకన్నా బాగానే పనిచేస్తున్నాయి. పార్టీ లేకపోతే ఊళ్లో పెద్ద ఇంటివాడే శాశ్వతంగా పెద్ద అవుతాడనే భయమూ ఉంది. పోడు భూమి కోసం, కూలి రేటు కోసం ఏజెన్సీలో ఎర్రజెండా కింద నడిచిన పోరాటాలను మా పెద్దలు మర్చిపోలేదు, మేమూ మర్చిపోము.

అయితే మన కొండలకు వేరే చట్టం ఉంది. మనది అయిదవ షెడ్యూలు ప్రాంతం. 1996లో పార్లమెంటు చేసిన పీసా చట్టం, దాన్ని అనుసరించి 1998లో రాష్ట్రం చేసిన చట్టం, 2011లో వచ్చిన నియమాలు ఇక్కడ గ్రామసభకు పెద్దపీట వేశాయి. భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి. సంత నిర్వహణ, చిన్నతరహా అటవీ ఉత్పత్తులు, అన్యాక్రాంతమైన గిరిజన భూమిని తిరిగి ఇప్పించడం, ఇవన్నీ గ్రామసభకూ పంచాయతీకీ సంబంధించిన విషయాలు. సర్పంచ్ పదవులన్నీ గిరిజనులకే రిజర్వు. కాబట్టి బయటివాడు వచ్చి పోటీ చేయలేడు. మరి పార్టీ ఏం చేస్తుంది? మనలో ఎవరు పోటీ చేయాలో ఘాటీ దిగువన కూర్చుని నిర్ణయిస్తుంది. అభ్యర్థి మనవాడే, కానీ గెలిచాక అతని చూపు గ్రామసభ వైపు కాకుండా కొండ కిందికి ఉంటుంది.

దీనివల్ల నష్టమేమిటని అడిగేవారికి బాక్సైట్ కథ చాలు. 2005లో రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం విశాఖ ఏజెన్సీ బాక్సైట్ కోసం జిందాల్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. అదే కాంగ్రెస్‌కు చెందిన మన అరకు ఎంపీ కిశోర్ చంద్రదేవ్ కేంద్రంలో గిరిజన వ్యవహారాలు, పంచాయతీరాజ్ శాఖల మంత్రిగా ఉండి, 2012లో ఆ తవ్వకాలు కూడదని గవర్నర్‌కు లేఖ రాశారు. ఢిల్లీలో ఒక మాట, హైదరాబాదులో ఒక మాట. పార్టీ మాత్రం ఒక్కటే! తర్వాత 2015 నవంబరులో తెలుగుదేశం ప్రభుత్వం జీవో 97 ఇచ్చింది. మా చుట్టుపక్కల జెర్రెల అడవిలో 1,212 హెక్టార్లు దాని కిందికి వచ్చాయి. ఏజెన్సీ అంతా భగ్గుమన్నాక ఆ జీవోను పక్కన పెట్టారు. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం దాన్ని రద్దు చేసింది. ఇన్నేళ్లలో పార్టీల మాట ఇన్నిసార్లు మారింది, కొండ కింద ఖనిజం మాత్రం కదల్లేదు. పార్టీ చెప్పినట్టు నడిచే సర్పంచ్ ఈ పద్నాలుగేళ్లలో ఎన్ని రకాలుగా మాట్లాడాల్సి వచ్చి ఉంటుందో ఆలోచించండి.

ఇదే తూర్పు కనుమల్లో, పక్కన ఒడిశాలో, నియమగిరి ఉంది. సుప్రీంకోర్టు ఆదేశంతో 2013లో అక్కడ 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ బాక్సైట్ వద్దన్నాయి. అక్కడ గుర్తు లేదు, కండువా లేదు. ఊరు కూర్చుంది, మాట చెప్పింది.

మండలంలో ఇంకో చిక్కు ఉంది. ఎంపీపీని ఎన్నుకునేటప్పుడు పార్టీ విప్ జారీ చేస్తుంది. విప్ ధిక్కరిస్తే ఎంపీటీసీ పదవి పోతుంది. మన గూడేలు ఓట్లేసి పంపిన మనిషి మన మాట వినకపోతే ఏమీ పోదు, పార్టీ మాట వినకపోతే కుర్చీ పోతుంది. పరిషత్తుల్లో పార్టీలు ఉండనీ. కానీ షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి, అడవి, గని విషయాల్లో గ్రామసభ తీర్మానమే విప్ కావాలని మా అభిప్రాయం.

ఏకగ్రీవం సంగతీ అంతే. 2021లో ఏకగ్రీవ పంచాయతీలకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. ఊరంతా కూర్చుని ఒకరిని ఎంచుకుంటే అంతకన్నా ఏం కావాలి? నాయకుని ఇంటి వరండాలో కుదిరినదాన్ని కూడా ఏకగ్రీవమనే అంటున్నారు, బాధ అదే.

హాస్టల్ మిత్రులకు ఒక్క ఉదాహరణ చాలు. మెస్ కమిటీకి మనం ఎన్నుకునేది బియ్యం తూకం చూసేవాడిని, పప్పు నీళ్లలా ఉంటే వార్డెన్ సారును అడిగేవాడిని. వాడు ఏ విద్యార్థి సంఘంలో ఉన్నా మనకు పేచీ లేదు. కానీ పప్పు గురించి అడగాలా వద్దా అని సంఘం ఆఫీసుకు వెళ్లి కనుక్కొస్తానంటే ఊరుకుంటామా?

ఇప్పుడు లంబసింగికి చలికాలం వస్తే వేల మంది మంచు చూడటానికి వస్తున్నారు. టెంట్లు వెలిశాయి, గదులు లేస్తున్నాయి, చెరువులవేనం దారిలో కార్లు బారులు తీరుతున్నాయి. చెత్త ఎవరు తీయాలి, నీళ్లు ఎవరికి ముందు, 1/70 ఉండగా బినామీ పేర్లతో భూమి చేతులు మారుతుంటే అడిగేదెవరు? ఇవి ఏ పార్టీ మేనిఫెస్టోలోనూ దొరికే ప్రశ్నలు కావు. ఊళ్లో సర్పంచ్ దగ్గరే తేలాలి.

మాలో చాలామందిమి మా ఇళ్లలో మొదటిసారి డిగ్రీ చదివినవాళ్లం. గ్రామసభ నోటీసు వస్తే చదివి చెప్పమని మాకే ఇస్తారు. అందుకే మా ప్రతిపాదన చాలా చిన్నది. నామినేషన్ వేయక ముందే అభ్యర్థులందరినీ గూడెం గూడేనా గ్రామసభకు పిలుద్దాం. "భూమి మీద, అడవి మీద ఊరి తీర్మానం నీ పార్టీకి ఇష్టం లేకపోతే నువ్వు సంతకం పెడతావా, పెట్టవా?" అని ఒక్క ప్రశ్న అడుగుదాం. వచ్చిన జవాబును కాగితం మీద రాసి, పెద్దలకు అర్థమయ్యేలా మన మాటలో చదివి వినిపించి, కింద ఆ అభ్యర్థి చేత సంతకమో వేలిముద్రో పెట్టిద్దాం. ఆ కాగితం ఊరి దగ్గరే ఉండాలి.