బీరువాలో కెమెరా బయటికి తీయండి! అప్పు చేసి కొత్తది కొనకండి!

ఫొటోలు నేర్చుకోవాలని ఉన్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా!
స్టూడియో నడుపుకుంటున్న అన్నలారా!
ఎప్పుడో ముచ్చటపడి కొన్న కెమెరాని బీరువాలో పెట్టి మరిచిపోయిన అమ్మలారా, నాన్నలారా!

పోయిన శ్రావణంలో ఒక కుర్రాడు మా స్టూడియో మెట్లెక్కాడు. డిగ్రీ రెండో సంవత్సరం. భుజాన కెమెరా, చేతిలో దాని డబ్బా. "అన్నా, ఇది ఎంతకి తీసుకుంటారు?" అని అడిగాడు. నెలవాయిదాల మీద కొన్నాడు. ఏడు కట్టాడు, ఎనిమిదోది కట్టలేకపోయాడు. వాళ్ల నాన్నకి ఫోన్లు మొదలయ్యాయి. సరే, తీసిన ఫొటోలు చూపించమన్నాను. ఏడు నెలల్లో మూడొందలు కూడా లేవు. ఎందుకు తమ్ముడూ అంటే తల దించుకుని, "బయటికి తీయాలంటే భయమన్నా, గీత పడితే రేటు పడిపోద్ది" అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాలాగే పాత కెమెరాలతో బతుకుతున్న నలుగురం మర్నాడు కూర్చుని ఈ కాగితం వేయించాం.

మేం చెప్పేది ఒక్కటే. ఫొటో నేర్చుకోవడానికి అప్పు అక్కర్లేదు. పదిహేనేళ్ల కిందటి డిజిటల్ కెమెరా, దానికంటే పాత లెన్సు, పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేరు ఉంటే చాలు. గీత పడుతుందన్న బెంగ లేకుండా రోజూ మెడలో వేసుకు తిరగొచ్చు. రోజూ తిరిగితేనే ఫొటో వస్తుంది.

పాతవి పాడైపోయి చవకయ్యాయనుకోకండి. 2018లో నికాన్, కానన్ రెండూ అద్దం లేని కెమెరాల కొత్త వరసలు దింపాయి. లెన్సు తగిలించే మూతి, అదే మౌంటు, మార్చేశాయి. అంతకుముందు నికాన్ ఎఫ్ మౌంటు 1959 నుంచీ, కానన్ ఈఎఫ్ మౌంటు 1987 నుంచీ నడిచాయి. ఆ మౌంట్లకి ఇన్నేళ్లూ చేసిన లెన్సులు ఇప్పుడు బజారులోకి వస్తున్నాయి, ఎందుకంటే డబ్బున్న ఫొటోగ్రాఫర్లు కొత్త వరసకి మారుతున్నారు. వాళ్లు వదిలించుకుంటున్నది మంచి గాజు. దాన్ని మనం దక్కించుకోవాలి.

పన్నెండు మెగాపిక్సెళ్లు చాలతాయా?

షాపుల్లో మొదట భయపెట్టేది దీంతోనే. లెక్క చూడండి. నికాన్ డీ90 2008లో వచ్చింది. దాని ఫొటో అడ్డంగా 4288 చుక్కలు, నిలువుగా 2848. 12-18 సైజు ప్రింటు వేస్తే అంగుళానికి దాదాపు 238 చుక్కలు పడతాయి. మనం పెళ్లిళ్లకి వేసే 12-36 కరిజ్మా షీటులో ఒక్కో వైపు సరిగ్గా ఈ 12-18 సైజే. చేతిలో పట్టుకుని చూసే ఆల్బమ్‌కి ఇది ధారాళంగా సరిపోతుంది. ఇంట్లో పెద్ద 4కే టీవీ ఉందా? దాని తెర మొత్తం కలిపితే 83 లక్షల చుక్కలు. డీ90 ఇచ్చేది 1 కోటీ 22 లక్షలు. ఇక చాలకపోవడం ఎక్కడ?

నా డీ90 నేటికీ పనిచేస్తోంది. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే రెండుసార్లు అంటించాను. పేరున్న అక్షరాల మీద తెల్లరంగు అరిగిపోయింది. బారసాలలకీ, బడి వార్షికోత్సవాలకీ దాంతోనే వెళతాను.

ఇది ఏం చేయలేదో కూడా చెప్పాలి. అర్ధరాత్రి ముహూర్తం, మసక లైట్ల మండపం, ఫ్లాష్ వేయొద్దంటున్న పురోహితుడు గారు: అక్కడ డీ90 ఇబ్బంది పడుతుంది. ఐఎస్ఓ, అంటే వెలుగుకి సున్నితత్వం, 1600 దాటితే మచ్చలు కనబడతాయి. అలాంటి పనికి పెద్ద సెన్సరున్న ఫుల్ ఫ్రేమ్ నికాన్ డీ700 గానీ కానన్ 5డీ మార్క్ 2 గానీ చూసుకోండి, రెండూ 2008వే. పెళ్లి వీడియో కూడా మీరే చేస్తారా? అయితే కొత్త కెమెరా కొనుక్కోండి, మేం వద్దనం. ఈ కరపత్రం నేర్చుకునేవాళ్లకి, నిలబడి ఫొటో తీసేవాళ్లకి, ఇంట్లోవాళ్ల ముఖాలు పోగొట్టుకోకూడదనుకునేవాళ్లకి.

కొనేటప్పుడు టార్చి పట్టుకెళ్లండి

బాడీ కంటే లెన్సుకి ఎక్కువ డబ్బు పెట్టండి. లెన్సుని చూడకుండా కొనకండి. మనది సముద్రం గాలి తగిలే ఊరు. ఇక్కడ లెన్సుకి మొదటి శత్రువు ఫంగస్.

నేను మోసపోయిన సంగతి చెబుతాను, మీరు పడకండి. ముసురు పట్టిన ఒక సాయంత్రం 50 ఎంఎం లెన్సొకటి కొన్నాను. పైకి అద్దంలా మెరిసింది. ఇంటికొచ్చి, దీపం ఆర్పి, వెనక నుంచి టార్చి వేసి ఏటవాలుగా చూశాను. లోపలి గాజు అంచు నుంచి మధ్యకి సాలెగూటి పోగుల్లాంటి తెల్లటి దారాలు పాకి ఉన్నాయి. ఆ దారాలు గాజు మీది పూతని తినేస్తాయి. తొలిదశలో తుడిపించుకోవచ్చు, ముదిరితే గుర్తు పోదు. అమ్మినవాడికి ఫోను చేస్తే ఎత్తలేదు.

అందుకని షాపులోనే, నీడకి జరిగి, రెండువైపుల మూతలూ తీసి టార్చి వేసి చూడండి. నాలుగు ధూళి కణాలుంటే ఫర్వాలేదు, ఫొటోలో కనబడవు. దారాలుంటే వద్దు. పాలు చల్లినట్టు పొగమబ్బుగా ఉంటే వద్దు. లోపలి రేకులు తెరుచుకుని మూసుకుంటున్నప్పుడు వాటి మీద నూనె మెరిస్తే, కదలిక బరువుగా ఉంటే, వద్దు.

బాడీ దగ్గర ముందు అడగాల్సింది షట్టర్ కౌంట్. బండికి కిలోమీటర్లలాంటిది. డీ90 షట్టర్‌ని కంపెనీ లక్షసార్లు కొట్టించి పరీక్షించింది. లక్ష దాటిందని అక్కడితో ఆగిపోదు, కానీ ధర తగ్గించమని అడిగే హక్కు మీకు వస్తుంది. నికాన్లలో ఆ అంకె ప్రతి ఫొటో ఫైలు లోపలే రాసి ఉంటుంది. ఒక ఫొటో తీసి కార్డులో తెచ్చుకుని ఎక్సిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాములో తెరిస్తే కనబడుతుంది. చాలా కానన్లలో ఫైలులో ఉండదు. సీరియల్ నంబరు కూడా ఎక్సిఫ్‌టూల్‌లోనే చూడండి. బాడీ అడుగున ఉన్న నంబరుతో, బిల్లు మీది నంబరుతో కలవాలి. కలవకపోతే దొంగసొత్తేమో అనుకుని నమస్కారం పెట్టి వచ్చేయండి. "మిలటరీలో ఉన్నాను, బదిలీ అయింది, అడ్వాన్సు వేస్తే పార్సిల్ పంపిస్తా" అని ఫోనులో చెప్పేవాళ్లకి రూపాయి కూడా వేయకండి.

తెల్లగోడని ఎఫ్16లో తీసి పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది ధూళి మచ్చలు బయటపడతాయి. అవి శుభ్రం చేస్తే పోతాయి. బ్యాటరీ బయటికి తీసి చూడండి, ఉబ్బి ఉంటే వాడొద్దు. డీ90, డీ300, డీ700లకి బ్యాటరీ ఒకటే, కాబట్టి దొరకడం కష్టం కాదు. సీఎఫ్ కార్డు పట్టే కెమెరా అయితే కార్డు గూట్లోకి టార్చి వేసి సూదుల్లో ఏదీ వంగలేదని చూసుకోండి. డీ90కి 32 జీబీ దాటిన కార్డు కొనకండి. 2005 నాటి మొదటి కానన్ 5డీ బొమ్మ అందంగా ఇస్తుంది గానీ, కొన్నింటికి లోపలి అద్దం ఊడే జబ్బుంది, బాగు చేయించారా అని అడగండి.

ఇంకొక్కటి, ఇది తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. నికాన్ డీ40, డీ3100, డీ5100 లాంటి చిన్న బాడీల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత ఏఎఫ్-డీ లెన్సు తగిలిస్తే చేత్తో తిప్పుకోవాల్సిందే. డీ90, డీ7000లో మోటారుంది. కానన్ ఈఎఫ్‌లో ఈ తంటా లేదు, మోటారు లెన్సులోనే ఉంటుంది. కానన్ వాళ్లకి ఇంకో సుఖం కూడా ఉంది. చిన్న రింగు వేస్తే ఎం42 మర లెన్సులు పడతాయి. పాత సోవియట్ జెనిత్ కెమెరాతో వచ్చిన హీలియోస్ 44 మీ తాతగారి పెట్టెలో ఉందేమో వెతకండి. చేత్తో ఫోకస్ చేయాలి, నిజమే. కానీ వారం రోజులు అలా చేస్తే వెలుగు ఎక్కడుందో కన్ను వెతకడం మొదలుపెడుతుంది.

కొన్నాక లెన్సుని తోలు సంచిలో కుక్కొద్దు, చెమ్మ పట్టుకుంటుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. నీలం గింజలు గులాబీరంగుకి తిరిగితే వేడిచేసి మళ్లీ వాడుకోవచ్చు. కలరా ఉండల పక్కనా కర్పూరం పక్కనా ఎప్పుడూ పెట్టకండి. బీరువాలో పట్టుచీరల మధ్య భద్రంగా దాచామనుకునే కెమెరాలు అలా కూడా పాడవుతాయి. అన్నిటికంటే మంచి మందు, రోజూ వాడటం.

దొంగ సాఫ్ట్‌వేరు ఇక చాలు

స్టూడియో అన్నలారా, ఇది మన మాట. 2002 నాటి ఫొటోషాప్ 7ని కాపీ సీడీల మీద మన బజారంతా వాడింది. నేనూ వాడాను. అందులో యూనికోడ్ తెలుగు సరిగ్గా పడదు, అందుకే వధూవరుల పేర్లు రాయడానికి అను ఫాంట్లతో కుస్తీ పట్టాం. 2013 నుంచి ఫొటోషాప్ కొత్త వెర్షన్లు చందా కడితేనే వస్తున్నాయి. ఒక్కసారి డబ్బు కట్టి సొంతం చేసుకునే లైట్‌రూమ్‌లలో చివరిది 2015లో వచ్చిన 6. చందా కట్టగలిగితే కట్టండి. కట్టలేనివాళ్లం దొంగకాపీలో వైరస్ తెచ్చుకుని ఆల్బమ్‌లు పోగొట్టుకోవాల్సిన ఖర్మ మాత్రం లేదు.

సెన్సర్ పట్టుకున్నది పట్టుకున్నట్టే దాచే రా ఫైళ్లకి డార్క్‌టేబుల్, రాథెరపీ అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. నికాన్ వాళ్ల ఎన్ఎక్స్ స్టూడియో, కానన్ వాళ్ల డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్ కూడా ఉచితమే. ఆల్బమ్ కూర్పుకి జింప్ ఉంది. జింప్‌లో తెలుగు యూనికోడ్ ఒత్తులతో సహా చక్కగా పడుతుంది. గురజాడ, గిడుగు, మండలి, రామభద్ర ఫాంట్లు ఉచితంగా దించుకుని "చి.ల.సౌ." అని నేరుగా టైపు చేయండి. కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్ ఉంటే పని సాఫీగా సాగుతుంది. మొదటి పదిరోజులు విసుగొస్తుంది, బటన్లన్నీ వేరేచోట ఉంటాయి. పదిరోజులు ఓపిక పట్టండి.

ఫొటోలు జేపెగ్‌లోనే కాక రాలో కూడా దాచమని ఎందుకు పోరుతున్నానో చెబుతాను. 2010 సంక్రాంతికి మా అమ్మ అరిసెలు వండుతుంటే డీ90తో తీశాను. వెనక కిటికీ వెలుగు కొట్టి ముఖం నల్లగా వచ్చింది. పనికిరాదని వదిలేశాను. రా ఫైలు హార్డ్ డిస్కులో ఓ మూల పడి ఉంది. పోయిన ఏడు దాన్ని డార్క్‌టేబుల్‌లో తెరిచి నీడలు మెల్లగా పైకి లేపాను. ముక్కుపుడక మెరుపు వచ్చింది. నుదుటి మీద చెమట వచ్చింది. మచ్చలు తగ్గించే మీట వేశాను. ఆ సాఫ్ట్‌వేరుకి డీ90 మచ్చల తీరు ముందే తెలుసు. బొమ్మ నున్నగా తేలింది. ఆ కెమెరా ఆనాడే అంతా పట్టుకుంది, తెరిచి చూడటం నాకు తెలియలేదు. ప్రింటు వేసి అమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ తన ముఖం చూసుకోలేదు. చేతిలో నూనె ఒత్తుతున్న చెక్కని వేలితో చూపించి, "ఇది మా అమ్మదిరా, ఇల్లు మారినప్పుడు పారేశాం" అంది.

ఇప్పుడు మీరేం చేయాలంటే

అమ్మలారా, నాన్నలారా! ఈ రోజే బీరువా తెరవండి. బ్యాటరీ ఛార్జి పెట్టి చూడండి. వెలిగితే ఇంట్లో పిల్లలకి ఇవ్వండి. ఇంట్లో ఎవరూ వాడకపోతే బిల్లుతో సహా వాడేవాళ్లకి అమ్మండి. వెలగకపోయినా పారేయకండి, మాకు చూపించండి. కార్డులో పాత ఫొటోలుంటే ముందు వాటిని దించుకోండి.

స్టూడియో అన్నలారా! పాత బాడీలు తుక్కు కింద తూకానికి వేయకండి. షట్టర్ కౌంట్ చీటీ మీద రాసి, ఫంగస్ ఉంటే ఉందని చెప్పి అమ్మండి. ఒక్క బాడీ మాత్రం అమ్మకుండా నేర్చుకునే పిల్లల కోసం పక్కన పెట్టండి.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! వాయిదాల కాగితం మీద సంతకం పెట్టకముందు ఒక్క ఆదివారం మాతో తిరగండి. పొద్దున్న ఆరున్నరకి మన పార్కు గేటు దగ్గర ఉంటాం. కెమెరా లేకపోతే ఖాళీ చేతులతో రండి, మా దగ్గర మూడు అదనంగా ఉన్నాయి. చేపల రేవు దాకా నడుస్తాం, తీస్తాం, తిరిగొచ్చి స్టూడియోలో డార్క్‌టేబుల్ తెరిచి చూసుకుంటాం. ఫీజు లేదు. కొనబోయే లెన్సు ఉంటే తీసుకురండి, టార్చి మేం తెస్తాం.

వాయిదాల కెమెరా అమ్ముకున్న ఆ కుర్రాడు ఇప్పుడు మా డీ80తో తిరుగుతున్నాడు. ఆదివారం మీకంటే ముందే వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంటాడు.

ఇట్లు,
మీ ఊరి ఫొటోగ్రాఫర్లు నలుగురు

(చదివాక ఈ కాగితం పారేయకండి. పక్కింటివాళ్లకి ఇవ్వండి.)