జపానువారి వాడుక మాట – మన క్త్వార్థకము

మా కళాశాలలో చదివి, నేడు జపానులో ఒక వృద్ధాశ్రమమున సేవకుడుగా పనిచేయుచున్న యువకుడొకడు ఇటీవల సెలవులకు వచ్చి, అచ్చట తొలి వారమున తనకు కలిగిన చిక్కు నొకదానిని చెప్పెను. ఒక వృద్ధురాలు అతనిని పిలిచి “మిజు నొమితాయి న్ ద కెదొ...” అని ఆగినదట. “నీళ్లు త్రాగవలెనని యున్నది గాని...” అని దాని యర్థము. “కెదొ” యనగా “కాని” యని పుస్తకమున చదువుకొన్న మనవాడు తరువాతి వాక్యమునకై నిలుచుండెను. ఆమెయు వేచియుండెను. నీళ్లు మాత్రము రాలేదు.

వింత యేమనగా, ఆ యువకుని తల్లియే పొరుగింటి గడపలో నిలిచి “ఇంట్లో పంచదార నిండుకుంది గానీ...” అని ఆగినచో, పొరుగామె తరువాతి మాటకై వేచియుండదు, డబ్బా తెచ్చి యిచ్చును. తన యింట పుట్టిన నుడికారమును ఆతడు పరదేశమున గుర్తింపలేకపోయెను. దోషము ఆతనిది కాదు. అతనికి జపాను భాషను ఆంగ్లము ద్వారా నేర్పిరి. అదియును గ్రంథస్థమైన నిండు వాక్యములనే నేర్పిరి.

2019 ఏప్రిలు నుండి జపాను ప్రభుత్వము నైపుణ్యము గల విదేశీయులకు క్రొత్త తరగతి వీసా నిచ్చుచున్నది. 2021 జనవరిలో మన దేశమును ఆ యేర్పాటునకై ఒడంబడిక చేసికొన్నది. ఇట్టి యుద్యోగములకు పోవువారికి భాషాపరీక్ష తప్పదు. కావున ఈ బోధనావిషయము కేవలము పండితచర్చ కాదు.

ఆంగ్లమున వాక్యములను కలుపు పదము రెండింటి నడుమ వేరుగ నిలుచును. జపానులో కలుపుపని క్రియ చివరనే జరుగును. “తబెరు” అనగా తినుట. “తబెతె” అనగా తిని. ఇది మన క్త్వార్థకము కాక మరేమి? 1858లో చిన్నయసూరి బాలవ్యాకరణము వెలువడిన నాటినుండి మన బడిపిల్లలకు పరిచితమైన వస్తువే. “తబెతె మిరు” అనగా తిని చూచుట. “కత్తె ఒకు” అనగా కొని యుంచుట. “చూచు”, “ఉంచు” అను క్రియలు తమ స్వంత యర్థమును కొంత వదలుకొని సహాయములగుట రెండు భాషలకును సమానమే. “తబెతె షిమత్త” అనుదానిని ఆంగ్లమున వివరించుటకు నాలుగు పంక్తులు కావలెను. తెలుగున “తినివేసితిని” అన్న చాలును.

ఇక వాడుక మాటకు వత్తము. “తబెతె ఇరు” నోట “తబెతెరు” అగును. “తినుచు ఉన్నాడు” మనకు “తింటున్నాడు” అయినట్లే. “తబెతె షిమత్త” కుదించుకొని “తబెచత్త” అగును. “తినివేసితిని” యనునది “తినేశాను” అయినట్లే. “కత్తె ఒకు” “కత్తొకు” అగును. ఇవి యల్లరి మాటలు కావు, నియమబద్ధమైన సంధికార్యములు. “ఇకనకెరెబ నరనాయి” అనగా “వెళ్లకపోతే కుదరదు”. మాటలో “ఇకనక్య” అని మొదటి సగమే మిగులును. “వెళ్లకపోతే...” అని మనము పెదవి విరిచి యూరకుండుట లేదా?

ప్రత్యయముల లోపమునకు గూడ హద్దు కలదు. “హొన్ యొంద?” (పుస్తకము చదివితివా?) అనుచోట కర్మను తెలుపు “ఒ” లోపించును. అచేతనమునకు ద్వితీయకు మారుగ ప్రథమను మనవారంగీకరించినదే. కాని “నుండి” యని చెప్పు “కర”ను, “వరకు” అని చెప్పు “మదె”ను ఎవరును వదలరు. హేతువును చెప్పుటకును “కర” కలదు. “నొదె” యు కలదు. ఆలస్యముగ వచ్చి క్షమాపణ కోరువాడు “నొదె” అనుటయే మర్యాద. “కర” అన్నచో వాదించుచున్నట్లు తోచును. “నొదె” లోని “నొ” వాక్యమును నామముగ మార్చును, “వచ్చినందున” అనుటవంటిది. వాక్యాంతమున “నె” మన “కదా”. “యొ” మన “సుమా”.

గ్రాంథికమున వ్రాయుచు వాడుకను సమర్థించుచున్నాడేమని పాఠకులు నవ్వుకొందురు గాక! జపానువారును ఈ పోరాటమును చూచినవారే. 1887లో ఫుతబతెయి షిమెయి “ఉకిగుమొ” నవలను వాడుక భాషలో వ్రాయనారంభించినప్పుడు పెద్ద చిక్కు క్రియాంతముననే వచ్చినది. వాక్యమును “ద” అని ముగింపవలెనా, “దెసు” అనియా, “దె అరు” అనియా? ఫుతబతెయి మొదటిదానిని, యమద బిమ్యో రెండవదానిని, ఒజకి కోయో మూడవదానిని చేపట్టిరి. 1889 నాటి రాజ్యాంగము ప్రాచీన శైలిలో నున్నది. 1946 నవంబరు 3న ప్రకటింపబడినది వాడుక శైలిలో నున్నది. గిడుగు రామమూర్తి పంతులుగారి ఉద్యమమెరిగిన మనకు ఈ కథ క్రొత్తది కాదు.

అయినను పోలికను నమ్మి కన్నులు మూసికొనరాదు. మన క్రియ కర్తను చూపును. “వచ్చితిని” యన్న వచ్చినది నేనే. జపాను క్రియ అట్లు చూపదు. ఆ లోటును కొంతవరకు ఇచ్చిపుచ్చుకొను క్రియలు తీర్చును. ఇతరులు నాకు చేసిపెట్టిన “తె కురెరు”, నేను ఇతరులకు చేసిపెట్టిన “తె అగెరు”. మన “చేసిపెట్టు” రెండింటికిని చెల్లును గనుక తెలుగువాడు తడబడును. పైయధికారితో “తె అగెరు” అన్నచో, దయతలచి చేసితినని దెప్పినట్లగును. ఉపాధ్యాయుడు ఇచ్చట ఒక గంట యెక్కువ గడపినను నష్టము లేదు.

జపాను భాష నేర్పు మన శిక్షణాలయములు తెలుగున నొక చిన్న వ్యాకరణమును వ్రాయించుకొనవలెను. “తె” రూపమును క్త్వార్థకముతో మొదలిడి, మొదటి మాసముననే “తెరు”, “చత్త”లను చెవులకు అలవాటు చేయవలెను. తెలుగు పండితులును దీనికి చేయి కలుపవచ్చును. జపాను భాష రానివారికి గూడ ఇందు పని కలదు.

మా యువకుడు ఇప్పుడు “కెదొ” వినగానే లేచుచున్నాడట. అతనిని ఓసాకా ప్రాంతమునకు మార్చిరి. అచ్చట “తినను” అనుటకు “తబెనాయి” అనక “తబెహెన్” అనుచున్నారని, మరల మొదటికి వచ్చితినని నవ్వుచు చెప్పెను.