మెమొరీ పెంచిన కంప్యూటరు: పరీక్షింపక చిట్టా వ్రాయరాదు

సహకార సంఘముల కార్యాలయములలో కంప్యూటరు ప్రవేశించి, చేతివ్రాత చిట్టాల స్థానమును క్రమముగా నాక్రమించుచున్న సంగతి సభ్యులందఱకును దెలిసినదే. దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను 2,516 కోట్ల రూపాయల వ్యయముతో కంప్యూటరీకరించుటకు 2022 జూన్ నెలలో కేంద్ర మంత్రివర్గము అనుమతి నొసంగినది. ఇట్టి స్థితిలో కంప్యూటరు బాగోగులు గుమాస్తా యొక్కనికే సంబంధించిన విషయమని రైతు సోదరులు ఊరకుండుట తగదు. మన అప్పు, మన వాటాధనము, మన యెరువుల బాకీ అన్నియు నందే యున్నవి.

యంత్రము నెమ్మదిగా నడచుచున్నదని దాని మెమొరీని, అనగా ర్యామును, పెంచుట యిప్పుడు సాధారణమైనది. విండోస్ 10 నకు తయారీదారుల సాధారణ సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినందున పెక్కు కార్యాలయములు విండోస్ 11 నకు మాఱుచున్నవి. దానికి కనీసము 4 జీబీ చాలునని తయారీదారులు చెప్పినను, ఆ మాత్రముతో పని చుఱుకుగా సాగదు. కావున మఱియొక స్టిక్కును చేర్చుదురు. ఈ ప్రయత్నమును మేము తప్పుపట్టము. అయితే చేర్చిన కొన్నాళ్లకే రశీదు వ్రాయుచుండగా తెర నీలివర్ణమగుటయు, యంత్రము తనంతట తానే ఆగి మరల మొదలగుటయు కొన్ని సంఘములలో మేము చూచితిమి.

అప్పుడు కార్యాలయమున వినబడు మాటలు మూడు: వైరసు సోకినది, విండోసు మరల వేయవలెను, కరెంటు సరిగా లేదు. ఈ మూడును కొన్ని వేళల నిజము కావచ్చును. కాని వీనితో ఆరంభించుట తలక్రిందుల పద్ధతియని మా యభిప్రాయము. నిన్నటివఱకు నడచిన యంత్రము ఒక మార్పు జరిగిన వెంటనే మొరాయించినచో, ఆ మార్పునే మొదట శంకింపవలెను. కొత్త విత్తనము, కొత్త యెరువు, కొత్త మందు ఒకే మడిలో ఒకేసారి వేసి, పైరు చెడిన పిమ్మట దేనివలన చెడినదో చెప్పగలవాడు లేడు. అందుచేతనే ప్రదర్శన క్షేత్రములలో మేము ఒక్క మార్పు మాత్రమే చేసి, ప్రక్క మడిని యథాప్రకారము విడిచెదము. కంప్యూటరు విషయమునను న్యాయమిదియే. మఱియు, లోపమున్న మెమొరీతోనే విండోసును మరల వేసినచో, ఆ కొత్త విండోసు సహితము ఆ చెడిన మార్గముననే వచ్చి చెడవచ్చును.

యంత్రము ఆగిపోవుట పెద్ద నష్టము కాదు. ఆగినది కంటికి కనబడును. ఆగక తప్పు వ్రాయుటయే పెద్ద నష్టము. గుమాస్తా టైపుచేసిన అంకె డిస్కులోనికి గాని, దూరమందలి సర్వరునకు గాని పోవుటకు ముందు ఈ మెమొరీలోనే యుండును. అచ్చట అంకెలు సున్నలుగను ఒకట్లుగను నిలుచును. 12,000 అను సంఖ్యను ఆ పద్ధతిని వ్రాసినపుడు 4,096 విలువగల స్థానమున సున్న యుండును. ఆ యొక్క సున్న లోపముచే ఒకటిగా మాఱినచో, మన 12,000 రూపాయలు 16,096 అగును. తప్పును పట్టి దిద్దు మెమొరీ పెద్ద సర్వర్లలో నుండును. మన కార్యాలయముల సాధారణ యంత్రములలో నుండదు. గూగుల్ సంస్థవారి సర్వర్లను గూర్చి 2009లో ప్రకటింపబడిన పరిశోధనలో, ఒక సంవత్సరమున నూటికి 8కి మించిన మెమొరీ స్టిక్కులలో తప్పులు కనబడినట్లు తేలినది. కాబట్టి ఇది ఎన్నడో యొకప్పుడు జరుగు వింత యని తలపరాదు.

ఇక చేయవలసిన పని. మొదట చిట్టా వ్రాయుట నిలిపి, కొత్త స్టిక్కును తీసివేయవలెను. లెక్కలకు నకలు తీయుట ఆ పిమ్మటనే గాని ముందు గాదు. చెడిన మెమొరీ గుండా తీసిన నకలును నమ్మరాదు. ఈ నకలును వేఱు డ్రైవులో నుంచవలెను గాని, పాత నకలుపై వ్రాయరాదు. యంత్రమును విప్పుటకు ముందు కరెంటు తీగను ఊడదీసి, పవరు బటనును కొన్ని క్షణములు నొక్కి, పెట్టె యొక్క లోహభాగమును తాకవలెను. మన దేహమందలి స్థిరవిద్యుత్తు చిప్పులను పాడుచేయును.

పాత స్టిక్కుతో మాత్రమే యంత్రమును నడిపి చూడవలెను. అప్పటికిని ఆగిపోవుచున్నచో, లోపము డిస్కులోనో, పవర్ సప్లైలోనో, విప్పినపుడు కదలిన తీగలోనో వెదకవచ్చును. నిలుకడగా నడచినచో, శంక కొత్తదానిపై గాని, ఆ రెంటి పొత్తుపై గాని నిలుచును. పిదప కొత్త స్టిక్కు నొక్కదానినే అదే స్లాటులో, రెండువైపుల కొక్కెములు బిగియునట్లు అమర్చి పరీక్షింపవలెను. తరువాత స్లాటు మార్చవలెను. తప్పు స్టిక్కుతోబాటు పోయినచో స్టిక్కు చెడ్డది. స్లాటుననే నిలిచినచో మదర్‌బోర్డు వైపు చూడవలెను.

వేఱువేఱుగా రెండును బాగుగా నడచి, కలిపినపుడే మొరాయించుటయు గలదు. చుఱుకైన యెద్దును నెమ్మదియైన యెద్దును ఒకే కాడికి గట్టినచో జత నెమ్మదిదాని నడకనే నడచును. వేగములు వేఱైన స్టిక్కులును సాధారణముగా నట్లే నడచును. కొన్ని జతలు మాత్రము అసలే కుదురవు. ఎక్స్.ఎమ్.పి. అను అమరికచే వేగము పెంచియున్నచో దానిని మాన్పి చూడవలెను. బయాస్ నవీకరణ కొన్నిచోట్ల మేలుచేయును; కాని నడుమ కరెంటు పోయినచో మదర్‌బోర్డే పనికిరాకుండ పోవచ్చును గనుక యూ.పి.యస్. లేనిదే దానికి పూనుకొనరాదు. డి.డి.ఆర్. 3, డి.డి.ఆర్. 4 స్టిక్కుల గాట్లు వేఱువేఱు చోట్ల నుండును. దిగనిదానిని బలవంతముగా దూర్చరాదు.

పరీక్షకు విండోసులోనే మెమొరీ డయాగ్నొస్టిక్ అను సాధనము గలదు. అంతకంటె గట్టి పరీక్ష మెమ్‌టెస్ట్ 86 ప్లస్ అనునది, వెల లేనిది, పెన్‌డ్రైవునుండి నడచును. సాయంకాలము మొదలిడి తెల్లవాఱువఱకు నడువనిండు. ఒక్క తప్పు చూపినను చాలును, ఆ అమరికతో చిట్టా వ్రాయరాదు. కొద్ది నిమిషముల పరీక్షలో తప్పు కనబడలేదని సంతోషింపరాదు. యంత్రము వేడెక్కిన పిమ్మట బయటపడు లోపములు గలవు.

అప్పుల తరుణమున రైతులు వరుసలో నిలిచియుండగా యంత్రము నాపుట యెట్లని కార్యదర్శులు మమ్ము అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒకటి రెండు దినములు చేతిరశీదులు వ్రాసి, పిమ్మట ఎక్కించుకొనవచ్చును. తప్పుపడిన బాకీని ఏడాది గడచిన పిమ్మట సరిదిద్దుట అంత సులభముగాదు. అప్పటికి రైతు వడ్డీ కట్టియుండును, లేక కొత్త అప్పునకు అనర్హుడని త్రిప్పిపంపబడియుండును. అసలు మెమొరీ పెంచుటయే పని తక్కువగా నున్న నెలలలో పెట్టుకొనినచో ఈ చిక్కు రాదు.

కావున ప్రతి సంఘమును తన సర్వసభ్య సమావేశమున మూడు నియమములు చేసికొనవలెనని మా సూచన. మార్పునకు ముందు నకలు తీయవలెను. మార్పు పిమ్మట ఒక రాత్రి పరీక్ష జరిపి, ఫలితమును తేదీతో పుస్తకమున వ్రాయవలెను. పరీక్షలో తప్పిన స్టిక్కును గడువులోపల అమ్మినవానికి త్రిప్పియిచ్చుటకు బిల్లును వారంటీ కాగితమును భద్రపఱచవలెను.

ఇప్పటికే యంత్రము మొరాయించిన సంఘములలో, స్టిక్కు చేర్చిన దినము మొదలు తీసివేసిన దినము వఱకు జరిగిన ప్రతి పద్దును రశీదుతో సరిచూడవలెను. ఆ పని గుమాస్తా యొక్కడు చేయజాలడు. సభ్యులు తమ తమ రశీదులతో, పాసు పుస్తకములతో కార్యాలయమునకు వెళ్లి, తెరపైనున్న అంకెను స్వయముగా చదువుకొనవలెను.