పక్షము లేని పక్షము

పురపాలనమున పక్షములుండరాదని పెద్దలు పలువురు సెలవిచ్చుచుందురు. వీధిదీపమునకు పక్షమేమి, మురుగుకాలువకు సిద్ధాంతమేమి యని వారి వాదము. వినుటకింపైన యీ మాటచాటున నెవరి ప్రయోజనము దాగియుండునో విచారింపుడని చదువరులను వేడుచున్నాము. అందులకు కెనడా దేశమందలి వాంకూవరు నగరచరిత్రము చాలును.

ఆ నగరమున తొల్లి సభ్యులను వార్డులవారీగా నెన్నుకొనుచుండిరి. 1935లో పౌరుల వోటు గైకొని వార్డులను తీసివేసిరి. 1936 ఎన్నిక మొదలుకొని ప్రతిసభ్యుడును నగరమంతటి వోట్లతో నెగ్గవలసినవాడయ్యెను. అయినను సి. సి. ఎఫ్. అను సామ్యవాదపక్షమువారు సభలో కాలూనసాగిరి. ఆ పక్షమునకు చెందిన హెలీనా గట్టరిడ్జి 1937లో ఎన్నికై, ఆ సభలో తొలి మహిళాసభ్యురాలయ్యెను. ఆ యేడే ఆ పక్షము నెదిరించుటకై వర్తకుల ప్రాపున నొక సంఘము వెలసెను. దాని పేరు నాన్ పార్టిజన్ అసోసియేషన్, అనగా పక్షరహితసంఘము! అది యభ్యర్థులను నిలిపినది, ధనము కూర్చినది, వోట్లడిగినది. పక్షమని యొప్పుకొనుట యొక్కటియే చేయలేదు.

1972 వఱకు నగరసభలో నించుమించుగా నా సంఘమువారిదే పైచేయి. నగరమంతట తిరిగి వోట్లు గూర్చుకొనుటకు ధనము కావలెను గదా! ధనికులు పడమటి పేటలవారు. కూలినాలి జనము తూర్పుపేటలవారు. 1960 తరువాతి యేండ్లలో పునర్నిర్మాణమను పేర స్ట్రాత్కోనా పేటలోని యిండ్లు కూల్పబడెను. 1967లో చైనావారి పేటమీదుగా పెద్ద మోటారుదారి వేయ తలపెట్టిరి. ఆ పేటలు తమకై తాము ఎన్నుకొన్న సభ్యుడొక్కడును సభలో లేడు. జనులే గుమిగూడి ఆ దారిని ఆపించుకొనవలసివచ్చెను. 1968లో టీమ్, కోప్ అను రెండు పక్షములు పుట్టెను. 1972లో టీమ్ పక్షమువాడగు ఆర్ట్ ఫిలిప్స్ మేయరయ్యెను. 1978లోను 1982లోను వోటర్లలో అధికసంఖ్యాకులు వార్డులను కోరిరి. అయినను పాతపద్ధతియే నిలిచెను. 2004లో మరల నడుగగా వోటర్లే వలదనిరి. 2022లో పక్షరహితసంఘమునకు నగరసభలో నొక్కస్థానమైనను దక్కలేదు.

పక్షములవలన ముఠాలును లంచములును పెరుగునందురా? పెరుగును. కాని జెండా పట్టినవానిని జెండా చూపి నిలదీయవచ్చును. జెండా దాచినవాని నేమని పట్టుకొందుము?

ఇది పరదేశపు వింత మాత్రమే కాదు. మన తెలుగు రాష్ట్రములలో గ్రామపంచాయతి ఎన్నికలు పార్టీగుర్తులు లేకయే జరుగుచున్నవి. అయినను సర్పంచి వెనుక నెవరున్నారో ఊరిలో పసిబిడ్డకును తెలియును. ఫలితములు వెలువడినంతనే పార్టీలు తమ గెలుపులెక్కలు చాటుకొనును.

కావున మీ గడపకు వచ్చి, తనకు పక్షమే లేదనువానిని మూడుమాట లడుగుడు: అయ్యా, తమకు ధనమిచ్చినదెవరు? పన్ను ఎవరిపై వేయుదురు? రేపు రోడ్డు వెడల్పుచేయవలసివచ్చినచో ఎవరి యిల్లు పడగొట్టుదురు? ఆ జవాబులే వాని పక్షము.