నాలుగు నిమిషాల్లో నూటపాతికేళ్ళ కథ

మా పత్రికకు తరచూ రాసే ఒక రచయిత్రికి ఈ మధ్య ఒక రేడియో కేంద్రం నుంచి ఫోను వచ్చింది. తెలుగు కథలో స్త్రీల గురించి మాట్లాడమన్నారు. ఆవిడ సంబరపడి, బీరువాలో పుస్తకాలన్నీ కిందికి దించి, భండారు అచ్చమాంబతో మొదలుపెట్టి ఇవాళ రాస్తున్న అమ్మాయిల దాకా ఒక ప్రసంగం రాసుకున్నారు. స్టూడియోలో కూర్చున్నాక తెలిసింది, తనకిచ్చింది నాలుగు నిమిషాలని. ముందొక సినిమా పాట, వెనకొక సినిమా పాట. “బోరు కొట్టకుండా చూడండి మేడం” అని నవ్వుతూ ఒక సలహా. 1902 నాటి అచ్చమాంబ కథ ‘ధనత్రయోదశి’ పేరు చెప్పి, దాన్ని ఎందుకు తలుచుకోవాలో రెండు ముక్కలు అనేసరికి అద్దం అవతల చెయ్యి లేచింది. అచ్చమాంబ దగ్గరే తెలుగు కథ అయిపోయింది. ఆవిడ కోపం తెచ్చుకోలేదు, మంచి మనిషి. ఆ పని మేం చేస్తున్నాం.

కేంద్రం పేరు రాయడం లేదు. అక్కడున్న నలుగురూ ఎనిమిది మంది పని చేస్తున్నారని మాకు తెలుసు, వాళ్ళతో మాకు పేచీ లేదు. ప్రసంగమనే ప్రక్రియకు అన్ని చోట్లా ఇదే గతి పడుతోందన్నదే మా బాధ. పదిహేను నిమిషాలు పది అయింది, పది ఐదు అయింది. ఇప్పుడు పాటకీ పాటకీ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధిలో సాహిత్యం చెప్పమంటున్నారు.

ఏటా నవంబరు 12ను ప్రజాసేవా ప్రసార దినంగా జరుపుకుంటాం. 1947లో ఆ రోజు దీపావళి. కురుక్షేత్ర శిబిరంలో తలదాచుకున్న శరణార్థుల దగ్గరికి వెళ్ళలేకపోయిన గాంధీజీ ఢిల్లీ రేడియో కేంద్రానికి వచ్చి వాళ్ళతో మాట్లాడారు. ఆయన ఆకాశవాణి స్టూడియోలో అడుగుపెట్టింది ఆ ఒక్కసారే. పాట లేదు, వాద్యం లేదు, ఒక మనిషి గొంతు మాత్రమే. ఆ గొంతు పేరున ఏర్పడిన పండుగ రోజున, మొన్న మేం రేడియో ముందు కూర్చుంటే, ఆ సంగతి రెండు మూడు వాక్యాల ప్రకటనలో తేలిపోయింది. తరువాత యథావిధిగా పాటలు.

పాటల మీద మాకు ద్వేషం లేదు. స్వరకర్త రజనీకాంతరావు గారు పనిచేసిన సంస్థ గురించి రాస్తూ పాటను తక్కువ చేసేటంత తెలివితక్కువతనమూ లేదు. కానీ రేడియో తెలుగువాళ్ళకు చేసిన మేలు లెక్క కట్టేటప్పుడు అందరూ లలిత సంగీతం దగ్గరా, నాటకం దగ్గరా ఆగిపోతారు. ప్రసంగాన్ని ఎవరూ లెక్కలో వేయరు. మా దృష్టిలో అసలు మేలు అక్కడే జరిగింది.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు 1940లో కన్నుమూశారు. అప్పటికింకా బడి పుస్తకాల్లో, పరీక్ష కాగితాల్లో గ్రాంథికానిదే పెత్తనం. మద్రాసులో రేడియో కేంద్రం 1938 జూన్‌లో మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న వచ్చింది. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం నడిపిన దక్కన్ రేడియో 1950లో ఆలిండియా రేడియోలో కలిసింది. ఈ కేంద్రాలకు పిలుపు అందుకున్న పండితుడికి ఒక చిక్కు వచ్చిపడింది. పత్రికలో అయితే అర్థం కాని వాక్యాన్ని పాఠకుడు రెండోసారి చదువుకుంటాడు. రేడియోలో రెండోసారి లేదు. నాలుగు పంక్తుల సమాసం వేస్తే వింటున్న మనిషి లేచి వంటింట్లోకి పోతాడు. సభలోలా ఎదురుగా ముఖాలుండవు, చప్పట్లుండవు, గొంతు పెంచితే మైకు ఒప్పుకోదు. ఎదురుగా ఉన్న ఒక్క మనిషితో చెబుతున్నట్టు చెప్పాలి. క్రియతో ముగిసే పొట్టి వాక్యం, మాటకూ మాటకూ మధ్య చిన్న విరామం, ‘చూడండి’, ‘మరి’, ‘అదలా ఉంచండి’ లాంటి ఊతాలు, ఇవన్నీ తెలుగు వచనంలో ఇంత నిబ్బరంగా స్థిరపడడానికి రేడియో ప్రసంగం చాలా చేసింది. వ్యావహారిక భాషోద్యమం వాదించి గెలిచింది, సరే. దాన్ని రోజూ చెవిన వేసి అలవాటు చేసిన పనిలో పెద్ద వాటా రేడియోదే.

ఆ పని ఎలా జరిగేదో తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. ముందు కాంట్రాక్టు కాగితం వచ్చేది. అంశం, తేదీ, నిమిషాలు, పారితోషికం అన్నీ అందులోనే. పారితోషికం చూసి ఎవరూ మేడలు కట్టలేదు. స్క్రిప్టు ముందుగా పంపాలి. కేంద్రంలో ఒకరు చదివి, “ఇక్కడ శ్వాస అందదు, విడగొట్టండి” అని గుర్తు పెట్టి ఇచ్చేవారు. స్టూడియోలోకి వెళ్ళేముందు కాగితాలకున్న పిన్ను తీసేసేవారు. ఒక్కో కాగితాన్ని చప్పుడు కాకుండా పక్కకు జరపాలి, లేకపోతే ఆ గరగర ఊరంతా వినిపిస్తుంది. ఎర్ర దీపం వెలిగాక దగ్గినా కష్టమే. అనుభవం ఉన్నవాళ్ళు చివరి పేరాకు రెండు ముగింపులు రాసుకొచ్చేవారు, సమయం మిగిలితే ఒకటి, మిగలకపోతే ఒకటి. ఒక నిమిషంలో ఎంత చెప్పొచ్చో, ఎంత చెప్పకూడదో నేర్పిన బడి అది. ఇవాళ మన సభల్లో “రెండే రెండు ముక్కలు” అంటూ ముప్పావుగంట తినేసే వక్తలను ఆ బడికి పంపి ఉంటే బాగుండేది.

ఆ బడిలో మేష్టర్లు కూడా సామాన్యులు కారు. దేవులపల్లి కృష్ణశాస్త్రి, జాషువా, బుచ్చిబాబు, గోపీచంద్, దాశరథి రేడియోలో కొలువు చేసినవాళ్ళే. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన రావూరి భరద్వాజ హైదరాబాదు కేంద్రంలో ఏళ్ళ తరబడి పనిచేశారు. 2012 సంవత్సరానికి జ్ఞానపీఠం ఆయన్ను వరించింది. ఉషశ్రీ రామాయణ భారతాలు చెబుతుంటే పల్లెల్లో ఒక్క రేడియో చుట్టూ పదిమంది చేరేవారు. కవిని ఉద్యోగంలో పెట్టుకుంటే ఆ సంస్థకు ఏం ఒరుగుతుందో ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఇప్పుడు కవి రోజుకూలీ మీద వచ్చే క్యాజువల్ అనౌన్సరు. నెలలో ఆరు డ్యూటీలు దొరికితే అదృష్టం.

ఆకాశవాణి ఒకప్పుడు స్వర్గమని మేం అనడం లేదు. స్క్రిప్టు దిద్దిన పెన్సిలే వాక్యాల పీక కూడా నొక్కింది. ఎమర్జెన్సీలో జనం దాన్ని ఆలిండియా రేడియో అనలేదు, ఆల్ ఇందిరా రేడియో అన్నారు. తెలంగాణ పలుకుబడిని చాలాకాలం గ్రామీణుల, కార్మికుల కార్యక్రమాల్లో సరదా పాత్రలకు అప్పగించి, పెద్ద ప్రసంగాలకు మాత్రం కోస్తా భాషను కూర్చోబెట్టిన పక్షపాతమూ ఉంది. దళితులకూ, ముస్లింలకూ మైకు ఆలస్యంగా దొరికింది. ఈ తప్పులు దిద్దాలంటే మాట పెరగాలి. ఇన్నాళ్ళూ మైకు అందని గొంతులు గుమ్మం దాకా వచ్చేసరికి గడియారం కుదించేశారు. యాదృచ్ఛికం అనుకోమంటే అనుకుంటాం గానీ, నమ్మమంటే మా వల్ల కాదు.

ఇప్పుడు రేడియో ఎవరు వింటున్నారు, అన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయి కదా అంటారు కొందరు మిత్రులు. ఫోనులో అన్నీ దొరుకుతాయి నిజమే, ఆదిలాబాద్ గోండు పెద్దను వెతికి పట్టుకొచ్చి, పారితోషికమిచ్చి, ఆయన గొంతును భద్రపరిచే బాధ్యత తప్ప.

ఈ మిత్రులు పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. మన దేశంలో ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రాలకు సొంతంగా వార్తలు, వర్తమాన వ్యవహారాలు ప్రసారం చేసే అనుమతి లేదు. 2011 నాటి మూడో విడత విధానం వాటికిచ్చిన వెసులుబాటల్లా ఆకాశవాణి వార్తలను మార్పు లేకుండా తిరిగి వినిపించడం. అంటే రేడియోలో దేశం గురించీ ఊరి గురించీ గంభీరంగా మాట్లాడే హక్కును చట్టం దాదాపుగా ఒక్క సంస్థ చేతిలోనే పెట్టింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995 ఫిబ్రవరిలో చెప్పింది. స్వయంప్రతిపత్తి కోసం 1990లో చేసిన ప్రసార భారతి చట్టం అమల్లోకి రావడానికి 1997 సెప్టెంబరు దాకా పట్టింది. ఇంత తతంగం నడిపి సంపాదించిన ఏకైక వేదిక, మిగతావాళ్ళు ఎలాగూ వేస్తున్న సినిమా పాటలే వేస్తూ కూర్చుంటే, ఇంకెవరు మాట్లాడాలి? కాపలా పెట్టినవాడు తాను తినడు, ఇంకొకరిని తిననివ్వడు.

మాటకు కాలం చెల్లిందన్న వాదన పాలకులకే నమ్మకం లేని వాదన. 2014 అక్టోబరు 3 నుంచి ప్రధానమంత్రి ‘మన్ కీ బాత్’ వస్తోంది. నెలాఖరు ఆదివారం పొద్దున పదకొండింటికి సుమారు అరగంట. ఆ వెంటనే తెలుగుతో సహా ప్రాంతీయ భాషల్లో వినిపిస్తారు. ఒక్క గొంతు, పాట లేదు, ఎవరూ బోరు కొడుతుందని హెచ్చరించరు. అందులో ఏం చెబుతారన్నది మా చర్చ కాదు. దేశంలో అందరికంటే శక్తిమంతుడైన మనిషి జనంతో మాట్లాడాలనుకున్నప్పుడు ఎంచుకున్న ప్రక్రియ రేడియో ప్రసంగమే. ఆయనకు అరగంట పనికొచ్చేది, కథకురాలికి పావుగంట ఎందుకు పనికిరాదు? 1955లో సర్దార్ పటేల్ స్మారక ప్రసంగాలు మొదలుపెట్టి తొలి ఉపన్యాసానికి రాజాజీని పిలిచిన సంస్థకు ఈ ప్రశ్న కొత్తగా అర్థం చేయించాలా?

డబ్బు లేదంటారు. 2018 డిసెంబరులో ఖర్చు తగ్గించుకోవడానికే ఆకాశవాణి జాతీయ ఛానలునూ, హైదరాబాదుతో సహా ఐదు నగరాల్లోని శిక్షణ సంస్థలనూ మూసేయాలని ప్రసార భారతి నిర్ణయించింది. శిక్షణ ఇచ్చే చోటు మూసేశాక, కొత్తవాళ్ళకు స్క్రిప్టులో శ్వాస ఎక్కడ విడగొట్టాలో చెప్పేదెవరు? చెప్పేవాళ్ళు లేకపోతే ప్రసంగం నీరసంగానే ఉంటుంది. అప్పుడు ఎవరూ వినడం లేదని నాలుగు నిమిషాలకు దించుతారు. ఒక ప్రక్రియను చంపడానికి నిషేధం అక్కర్లేదని వీళ్ళు కనిపెట్టారు.

మా కోరిక పెద్దదేం కాదు. ఏడాదిలో ఒక్క రోజు, నవంబరు 12న, తెలుగు కేంద్రాలన్నీ పొద్దున్నించి రాత్రి దాకా మాటే ప్రసారం చేయాలి. విశాఖ జాలరి తన తుపాను గురించి, అనంతపురం రైతు తన బోరు గురించి, సింగరేణి కార్మికుడు తన షిఫ్టు గురించి, కవులు తమ కవుల గురించి, పావుగంట చొప్పున, మధ్యలో ఎవరూ చెయ్యెత్తకుండా. పాత టేపుల్లోంచి కృష్ణశాస్త్రినీ, బుచ్చిబాబునూ బయటికి తీయాలి. ఆ టేపులు అద్దాల అల్మారాలో పెట్టుకుని చూసుకోవడానికి కాదు, వినిపించడానికే ఉన్నాయి. మిగతా మూడువందల అరవైనాలుగు రోజులూ రోజుకొక పావుగంట చాలు.

పాఠకులకు ఒక విన్నపం. ‘జాబులు జవాబులు’ కార్యక్రమం వచ్చే రోజుల్లో తెలుగు శ్రోత ఉత్తరానికి విలువ ఉండేది, కేంద్రం దానికి పేరు చదివి మరీ జవాబు చెప్పేది. మీకు దగ్గర్లోని కేంద్ర సంచాలకుడికి ఒక ఉత్తరం రాయండి. ఏ ప్రసంగం కావాలో, ఎవరి గొంతు వినాలనుందో, ఎన్ని నిమిషాలు కావాలో స్పష్టంగా అడగండి. నకలు మాకు పంపండి. వచ్చే సంచికలో నాలుగు పేజీలు వాటికే కేటాయిస్తున్నాం.