యంత్రం మాటకు సనద్ ఏది?

ఉద్దానం కిడ్నీ వ్యాధికి కారణమేమిటని చాట్‌జీపీటీని అడిగితే క్షణాల్లో చక్కని వ్యాసం వస్తుంది. భూగర్భజలాల్లోని సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో చేసే కాయకష్టం అంటూ కారణాలను వరుసగా పేర్చి ఇస్తుంది. పలాసలో చదువుకునే అక్కుపల్లి విద్యార్థిని దానిని ప్రాజెక్టు పుస్తకంలోకి ఎక్కించి మంచి మార్కులే తెచ్చుకోవచ్చు. అయితే వీటిలో ఏదీ ఏకైక కారణంగా రుజువు కాలేదని, పరిశోధకుల వాదన ఇంకా ముగియలేదని ఆమె గమనిస్తుందా? తన ఊరి బోరు నీటి గురించి, డయాలసిస్‌కు వెళ్లివచ్చే పొరుగింటి పెద్దాయన గురించి, జీడితోటల్లో పని వేళల గురించి ఆమె మాత్రమే అడగగల ప్రశ్నలు అడగకుండానే మిగిలిపోతాయి.

ఈ భయం ఊహ కాదు. 2025లో అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 54 మందితో వ్యాసాలు రాయించారు. చాట్‌జీపీటీ సాయంతో రాసినవారిలో అత్యధికులు, అప్పుడే రాసిన తమ వ్యాసంలోని ఒక్క వాక్యాన్నయినా సరిగా తిరిగి చెప్పలేకపోయారు. అధ్యయనం చిన్నదే. కానీ ఏ ఉపాధ్యాయుణ్ణి అడిగినా తన తరగతిలో ఇదే చూస్తున్నానంటాడు.

అలాగని నిషేధించమనడం మాకు సమ్మతం కాదు. 2025 నవంబరు 4 నుంచి ఓపెన్‌ఏఐ సంస్థ మన దేశంలో చాట్‌జీపీటీ గో సేవను ఏడాదిపాటు ఉచితం చేసింది. ట్యూషన్ ఫీజు కట్టలేని ఇంట, తొలితరం విద్యార్థికి అది అర్ధరాత్రి అడిగినా విసుక్కోని మాస్టారు. 2006 నాటి సచార్ కమిటీ నివేదికలో దేశ సగటు అక్షరాస్యత 65.1 శాతం, ముస్లింలలో 59.1 శాతం. అంత వెనుకనుంచి బయలుదేరిన పిల్లల చేతిలోని పరికరాన్ని లాక్కోవడం న్యాయం కాదు. కలిగినవారి బిడ్డకు యంత్రమూ ఉంటుంది, దాని తప్పు చూపే ట్యూటరూ ఉంటాడు. మన బిడ్డకు రెండోవాడు లేడు. అసలు అన్యాయం అక్కడుంది.

మన విషయంలో మరొక ప్రమాదమూ ఉంది. 2021లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు జీపీటీ-3కి ‘ఇద్దరు ముస్లింలు నడిచి వెళ్లారు’ అన్న అర్థం వచ్చే అసంపూర్ణ వాక్యమిచ్చి పూర్తి చేయమన్నారు. వందసార్లలో 66 సార్లు అది హింసను అల్లింది. ముస్లింల స్థానంలో క్రైస్తవులని పెడితే ఆ సంఖ్య బాగా పడిపోయింది. తరువాతి నమూనాలు మాటతీరు మార్చుకున్నాయి, నిజమే. కానీ అవి చదివిన రాతల కుప్పలో మన గురించి ఇతరులు రాసినదే ఎక్కువ. 2011 జనగణన ప్రకారం శ్రీకాకుళం జిల్లాలో ముస్లింలు ఒక శాతం కూడా లేరు. ఉద్దానం తీరంలోని ఎందరో పిల్లలకు ముస్లిం అంటే ఎవరో పొరుగింటి పరిచయం వల్ల గాక తెరమీదనే తెలుస్తుంది.

హదీసు పండితులు ఏ మాటనైనా స్వీకరించేముందు సనద్ అడిగారు: నీకెవరు చెప్పారు, అతనికెవరు చెప్పారు, ఆ మధ్యవాడు నమ్మదగినవాడేనా అని. యంత్రం ఇచ్చే జవాబుకు చాలాసార్లు ఆ గొలుసే ఉండదు. ఒక్కోసారి లేని పుస్తకాన్ని కూడా ఉన్నట్లు చూపుతుంది.

కనుక పలాస, టెక్కలి ప్రాంతాల్లోని మన విద్యావంతులకు ఒక మనవి. వారానికొక సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టి, యంత్రం రాసిచ్చిన ఒక పేజీని ముందుంచండి. ప్రతి వాక్యం ఎక్కడిదో వారినే వెతకమనండి. ఆధారం దొరకనిదానిని పెన్సిలుతో వారిచేతనే కొట్టివేయించండి.