ఊపిరాడని తాబేలు

ఏటేట చలికాలము చివర కాకినాడ కెదుటనున్న హోప్ దీవి ఇసుకతిన్నెలపైకి రాత్రివేళ ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కివచ్చును. వెనుకకాళ్లతో గుంట త్రవ్వి, ఒక్కొక్కటి నూరు వరకు గ్రుడ్లు పెట్టి, ఇసుక కప్పి, మరల కడలి చేరును. పొదుగుట ఇసుక వేడిమి పని. ఆ వేడిమి హెచ్చినచో ఆడుపిల్లలు, తగ్గినచో మగపిల్లలు అధికముగా పుట్టుననుట వింతయే.

సముద్రమున బ్రతుకు ఈ జీవి సముద్రముననే ఊపిరాడక చచ్చుచున్నదన్న మన విద్యార్థులు నమ్మరేమో! తాబేలు మనవలెనే గాలి పీల్చును. మరపడవ లాగు వలలో చిక్కి పైకి రాలేనిచో మరణించును. ఒడ్డునబడు కళేబరములకు తరచు కారణ మిదియే.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని మొదటి షెడ్యూలులో చేర్చినది. వలలో అమర్చుటకు ఇనుపకమ్మీల చట్రమొకటి గలదు. చేపలు కమ్మీల సందున వలలోనికి పోవును, తాబేలు పైనున్న కంతగుండ బయటపడును. కొంత చేపయు జారిపోవునని జాలరుల మొర. అది అబద్ధము కాదు. ఆ నష్టమును వారి నెత్తిననే మోపి, చట్టమును చూపి ఊరకుండుట న్యాయమా? ప్రభుత్వము అందు పాలు పంచుకొనవలెను. అంతకు ముందుగా, గ్రుడ్లుపెట్టు నెలలలో మరపడవలు ఒడ్డుదాపునకు రాకుండ చూడవలెను.